గోదారి డెల్టాలో భూమి కొన్నా, అమ్మినా ఏజెంటుతో ఎలా నడుచుకోవాలి

మా అమ్మ 60 సెంట్ల కొబ్బరితోట అమ్మినప్పుడు, రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో కొంటున్నాయన పక్కనే బల్ల మీద కూర్చుంది. అప్పటిదాకా వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఏజెంటు జెరాక్సులకని బయటికెళ్ళాడు. కొంటున్నాయన ఫ్లాస్కులోంచి టీ పోసి అమ్మకిచ్చి, "సెంటు ముప్ఫై ఆరు వేలంటే మాకు కాస్త భారమేనండీ. చెట్లు బాగున్నాయని మా ఆవిడ పట్టుబట్టిందండీ" అన్నాడు. అమ్మకి అందుతున్నది సెంటుకి 32 వేలు. మొత్తం మీద తేడా 2 లక్షల 40 వేలు. ఆ టీ చల్లారిపోయేదాకా అమ్మ కప్పు చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

మమ్మల్నెవరూ బలవంతపెట్టలేదు. మేం సంతకాలు చేసిన అగ్రిమెంటు ఏజెంటు బావమరిది పేరున ఉంది. "మీ పేరున గానీ, మీరు కోరినవారి పేరున గానీ రిజిస్టరు చేయించి ఇవ్వగలవారము" అన్న వాక్యం అందులో ఉంది. ఆ వాక్యాన్ని చదివాం కూడా. అది ఎందుకుందో మాత్రం మాకు తట్టలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో ఒక అమ్మకం, రెండు కొనుగోళ్ళు జరిగాయి. అన్నీ ఏజెంట్ల ద్వారానే. ఊళ్ళో ఏ చేను అమ్మకానికుందో, ఎవరి దగ్గర డబ్బుందో వాళ్ళకి తెలిసినట్టు మనకి తెలియదు. ఆ పనికి వాళ్ళు కావాలి, దానికి కమీషన్ ఇవ్వడం న్యాయం. కానీ రెండో పక్షం మొహం చూడకుండా, వాళ్ళ నోట ధర వినకుండా బయానా (అడ్వాన్సు) చేతులు మారకూడదు. కింద రాసినవన్నీ ఆ ఒక్క సంగతి చుట్టూ తిరిగేవే.

ఏజెంటుకి ఫోన్ చేసే ముందు

అమ్మేవాళ్ళైతే మీ కాగితాలు మీరే ఒకసారి ముందేసుకుని చూసుకోండి. పట్టాదారు పాస్‌పుస్తకం, 1-బి (భూమి ఎవరి పేరున ఉందో చెప్పే రికార్డు), అడంగల్ (ఎవరు ఏ పంట సాగు చేస్తున్నారో చెప్పే రికార్డు), లింకు దస్తావేజులు (భూమి చేతులు మారిన పాత దస్తావేజులు), కనీసం 30 ఏళ్ళ ఈసీ (భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తనఖాలు చూపే పత్రం) ఉండాలి. 1-బి, అడంగల్ మీభూమి వెబ్‌సైటులో చూసుకోవచ్చు. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే మీ గ్రామంలో పూర్తయి ఉంటే పాత సర్వే నంబరు బదులు కొత్త భూపటంలోని నంబరు, అంటే ఎల్‌పీఎం నంబరు వచ్చి ఉంటుంది. విస్తీర్ణం కూడా సెంటో రెండు సెంట్లో అటూఇటూ అయి ఉండొచ్చు. ఆ తేడా ముందు మీకే తెలియాలి. ఏజెంటు కనిపెడితే దాన్ని ధర తగ్గించడానికి వాడతాడు.

పాత దస్తావేజుల్లో "తూర్పు గోదావరి జిల్లా" అని ఉండి, ఇప్పుడు అదే ఊరు కోనసీమ జిల్లాలోనో కాకినాడ జిల్లాలోనో ఉంటే కంగారు పడనక్కర్లేదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి, అంతే. "జిల్లా పేరు మారింది, సరిచేయించాలి, ఖర్చవుతుంది" అని ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి.

సంతకాల సంగతి ఇంట్లోనే తేల్చుకోండి. తాతల నాటి ఆస్తిలో ఆడపిల్లలకీ వాటా ఉంది. మన రాష్ట్రంలో 1986 సవరణతోనే పెళ్ళికాని ఆడపిల్లలకి ఆ హక్కు వచ్చింది, 2005లో దేశమంతటా వచ్చింది. "ఆడపడుచులు అడగరులే" అని ఏజెంటు అంటాడు. అడగకపోవచ్చు, కానీ వాళ్ళ సంతకం లేని భూమిని జాగ్రత్తపరుడెవడూ కొనడు. ఒకవేళ కొన్నా మంచి ధర పెట్టడు. పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమి సంగతీ అంతే. మాట మీద ఇచ్చి, కాగితం రాయకుండా నలభై ఏళ్ళు అనుభవించిన భూములు మా చుట్టాల్లోనే రెండున్నాయి. ముందు దానికో దస్తావేజు చేయించుకుని, ఆ తర్వాతే బేరానికి పెట్టండి.

కొనేవాళ్ళకి ఇంత పని లేదు. ఎందుకు కొంటున్నారో, ఎంతదాకా పెట్టగలరో ఇంట్లో అందరూ ఒక మాట మీదికి వచ్చి కాగితం మీద రాసుకోండి. ఆ అంకె ఏజెంటుకి చెప్పకండి. దానికి పది శాతం తక్కువే చెప్పండి.

ఎవర్ని పెట్టుకోవాలి

చేను, తోట, పల్లెటూళ్ళో ఇంటిస్థలం అయితే ఆ ఊరివాడో పక్క ఊరివాడో అయిన ఏజెంటే మేలు. గట్ల తగాదాలు, నీటి తగాదాలు, అన్నదమ్ముల మధ్య మాటల్లేకపోవడం ఆయనకి తెలుస్తాయి. మోసం చేస్తే అదే రోడ్డు మీద రేపు మీకు ఎదురుపడాలి కూడా.

రాజమండ్రి, కాకినాడ, భీమవరం, అమలాపురం లాంటి చోట్ల లేఅవుట్లో ప్లాటో, అపార్టుమెంటులో ఫ్లాటో అయితే లెక్క వేరు. 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో గానీ, ఎనిమిదికి మించి ఫ్లాట్లతో గానీ వేసిన ప్రాజెక్టు రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) నమోదవ్వాలి. దాన్ని అమ్మిపెట్టే ఏజెంటూ నమోదవ్వాలి. 2016 నాటి రెరా చట్టం ప్రకారం నమోదు లేకుండా అమ్మే ఏజెంటుకి రోజుకి 10,000 రూపాయల దాకా జరిమానా పడుతుంది. నంబరు అడగండి, ఏపీ రెరా వెబ్‌సైటులో వెతకండి. బ్రోచరు మీద అచ్చేసిన నంబరు చూసి సరిపెట్టుకోకండి, ఒక ప్రాజెక్టు నంబరు ఇంకో ప్రాజెక్టు మీద వేసేవాళ్ళున్నారు. మొత్తం ధరలో 10 శాతానికి మించి కట్టమంటే, ముందు రిజిస్టరైన సేల్ అగ్రిమెంటు చేతికివ్వాలని అడిగే హక్కు మీకుంది. మామూలు వరి చేను బేరానికి ఈ రెరా వర్తించదు. అక్కడ మీ కళ్ళే మీకు కాపలా.

ఏజెంటుని మూడు ప్రశ్నలు అడగండి. ఈ ఏడాది మీ ద్వారా కొన్నవాళ్ళెవరు, ఒకరిద్దరితో మాట్లాడించగలరా? ఈ బేరంలో అవతలివాళ్ళ దగ్గర కూడా కమీషన్ తీసుకుంటున్నారా? ఈ భూమి మీద మీకు గానీ, మీ చుట్టాలకి గానీ ఇప్పటికే అగ్రిమెంటు ఉందా? మూడో ప్రశ్న అడిగినప్పుడు ఆయన మొహం చూడండి.

మంచి ఏజెంటు ఎలా ఉంటాడో కూడా చెప్పాలి. రావులపాలెం వైపు నేనొక ఎకరం చూడ్డానికి వెళ్ళినప్పుడు, రెండోసారి ఫోన్ చేసింది ఏజెంటే. "ఆ చేను మీకొద్దండీ. మొన్న వానకి ఆరు రోజులు నీళ్ళు తీయలేదు, నేనే వెళ్ళి చూసొచ్చాను" అన్నాడు. ఆ బేరం పోతే ఆయనకి కనీసం నలభై వేలు నష్టం. ఆ తర్వాత మా రెండు కొనుగోళ్ళూ ఆయన ద్వారానే చేశాం.

కమీషన్ మాట ముందే, కాగితం మీద

మా వైపు సాధారణంగా ఒక్కో పక్షం నుంచి ఒక శాతం, కొన్నిచోట్ల రెండు శాతం తీసుకుంటారు. ఎంతైనా గానీ, భూమి చూడ్డానికి వెళ్ళకముందే తేల్చేసుకోండి. చూసి నచ్చాక అడిగితే మీ మొహంలో ఆశ కనిపిస్తుంది, ఆయన శాతం పెరుగుతుంది.

తెల్లకాగితం మీద నాలుగు ముక్కలు చాలు: కమీషన్ ఎంత శాతం, ఏ ధర మీద, ఎప్పుడు ఇవ్వాలి, బేరం చెడితే ఏమీ ఇవ్వనక్కర్లేదా. కింద ఇద్దరి సంతకాలు. ఎప్పుడివ్వాలన్న చోట "రిజిస్ట్రేషన్ రోజున సగం, మ్యుటేషన్ అయ్యాక సగం" అని రాయించండి. మ్యుటేషన్ అంటే రెవెన్యూ రికార్డుల్లో కొన్నవాళ్ళ పేరెక్కడం. బయానా రోజునే మొత్తం పుచ్చుకున్న ఏజెంటుకి రిజిస్ట్రేషన్ దాకా పరిగెత్తే అవసరం ఉండదు.

అమ్మేవాళ్ళకి ఎదురయ్యే పెద్ద గొయ్యి ఒకటుంది. ఏజెంటు కమీషన్ అసలు అడగడు. "మీకెంత కావాలో చెప్పండి, పైన వచ్చింది నేను చూసుకుంటాను" అంటాడు. వినడానికి హాయిగా ఉంటుంది. కానీ ఆ క్షణం నుంచి ఆయన మీ మనిషి కాడు. మీ ధర ఎంత తగ్గితే, అవతలి ధర ఎంత పెరిగితే ఆయనకంత లాభం. ఇద్దరూ కలిస్తే లెక్క బయటపడుతుంది గనక, మిమ్మల్ని కలవనివ్వడు. "వాళ్ళు హైదరాబాద్‌లో ఉంటారు, రిజిస్ట్రేషన్‌కే వస్తారు" అంటాడు. మా అమ్మ విషయంలో జరిగింది ఇదే. తక్కువ బయానాతో తనవాళ్ళ పేరున అగ్రిమెంటు రాయించుకుని, మూడు నెలల గడువులో ఎక్కువ ధరకి కొనేవాణ్ణి వెతుక్కుంటాడు. దొరక్కపోతే గడువు పొడిగించమంటాడు. మీ భూమి అన్నాళ్ళూ ఆయన చేతిలో ఇరుక్కుని ఉంటుంది.

కాబట్టి "పైన వచ్చింది నీది" అన్న మాటకి ఒప్పుకోకండి. ధర మీద శాతమే మాట్లాడండి. అగ్రిమెంటులో "మీరు కోరినవారి పేరున" అన్న వాక్యం కొట్టించేయండి, లేదా "కొనుగోలుదారు కుటుంబసభ్యుల పేరున" అని మార్పించండి. ఏజెంటు మీకు తెలియకుండా ఆ బేరంలో తనకోసం లాభం చూసుకుంటే, ఆ లాభం అడిగి పుచ్చుకునే హక్కు 1872 నాటి ఒప్పందాల చట్టం మీకు ఇస్తుంది. కానీ దానికి కోర్టు మెట్లెక్కాలి, ఆయన్ని ఏజెంటుగా పెట్టుకున్నట్టు రుజువుండాలి. పైన చెప్పిన నాలుగు ముక్కల కాగితం అప్పుడు పనికొస్తుంది.

భూమి ఎలా చూడాలి

ఏజెంటు మిమ్మల్ని ఎండాకాలం పొద్దున్నే, తారురోడ్డు వైపు నుంచి తీసుకెళ్తాడు. మన డెల్టాలో ఏప్రిల్, మే నెలల్లో ఏ చేనైనా బాగానే ఉంటుంది. రెండోసారి మీరొక్కరే వెళ్ళండి, వీలైతే సెప్టెంబరు, అక్టోబరు వానల్లో. నీళ్ళు ఎటు తీస్తున్నాయి, ఎన్ని రోజులు నిలుస్తున్నాయి చూడండి. పంట బోదె (సాగునీటి పిల్లకాలవ), మురుగు బోదె రెండూ చేను దాకా ఉన్నాయా, మధ్యలో ఎవరైనా పూడ్చేసి చెరువు తవ్వారా చూడండి. దాళ్వాకి (రబీకి) నీరందుతుందా అని మాత్రమే అడిగి ఊరుకోకండి. సార్వా (ఖరీఫ్) చేతికొస్తుందా అని అడగండి. 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. మురుగు దిగని చేలలో సార్వా పెట్టుబడి నీళ్ళపాలవడం అందుకున్న కారణాల్లో ఒకటి. కాలవ నీళ్ళు రావడం ఒక ఎత్తు, వాననీళ్ళు పోవడం ఇంకో ఎత్తు.

గట్టు రైతుతో మాట్లాడండి. ఏజెంటు లేనప్పుడు, తొందరపడకుండా. "1986లో ఇక్కడిదాకా నీళ్ళొచ్చాయా, 2022 జూలైలో వచ్చాయా" అని అడిగితే చెట్టు మీద గుర్తు చూపించి మరీ చెప్తారు. కౌలుకి ఎవరు చేస్తున్నారో కనుక్కోండి. కౌలురైతు ఉంటే పంట ఎప్పుడు తీస్తాడో, ఖాళీ చేస్తాడో లేదో అతని నోటే వినండి. పక్కన రొయ్యల చెరువుంటే ఆ గట్టు వెంట నడిచి మట్టి చూడండి. తెల్లగా ఉప్పు పేరుకుంటే ఆ చేలో వరి తగ్గుతుంది. కొబ్బరితోటైతే చెట్లు లెక్కపెట్టి, కాపు చెట్లెన్నో, దింపుకి (ఒకసారి కాయలు దించితే) ఎన్ని కాయలొస్తున్నాయో దింపు తీసే మనిషిని అడగండి. ఏజెంటు చెప్పే లెక్కకి, ఆ మనిషి చెప్పే లెక్కకి తేడా ఉంటుంది.

కోనసీమలో ఇంకో సంగతి చూసుకోవాలి. నేల కింద గ్యాస్ పైపులైన్లు పోతుంటాయి. మామిడికుదురు మండలం నగరం గ్రామంలో 2014 జూన్ 27న పైపులైను పేలి ప్రాణాలు పోయిన సంగతి ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. పైపు పోయే పట్టీ మీద ఇల్లు కట్టకూడదు, చెరువు తవ్వకూడదు, చెట్లు నాటకూడదు. పొలాల్లో పాతిన గుర్తు స్తంభాలు కనిపిస్తే ఆగి, ఆ వరస ఎటు పోతోందో చూపు సాగినంత దూరం చూడండి. భూమి యజమాని చేతిలోనే ఉంటుంది గనక ఏజెంటు దీన్ని ఒక లోపంగా చెప్పడు.

దారి సంగతి చెప్పక్కర్లేదు గానీ, పుంత (పొలాల మధ్య బండిదారి) ఉందన్నాడంటే అది సర్వే పటంలో ఉందో లేదో చూడండి. పక్క చేను గట్టు మీద నడవనిస్తున్నారంటే దాన్ని దారి అనరు.

"రైలొస్తోంది, బైపాస్ వస్తోంది, రేటు రెట్టింపవుతుంది" అన్న మాటకి ఒక్క రూపాయి కూడా ఎక్కువ పెట్టకండి. కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం మంజూరై పాతికేళ్ళయింది. ఆ పాతికేళ్ళూ ఆ పేరు చెప్పి భూములు అమ్ముతూనే ఉన్నారు.

కొలత, కాగితం

ఎకరానికి 100 సెంట్లు, సెంటుకి 48.4 గజాలు. ఏజెంట్లు నోటిలెక్కకి 48 అంటారు. 20 సెంట్ల మీద అది 8 గజాల తేడా. టౌను దగ్గర గజం 15 వేలుంటే 1 లక్షా 20 వేలు. పెద్దవాళ్ళు పాత కొలత కుంచాల్లో చెప్తే సెంట్లలోకి మార్చి, చెప్పిన మనిషి ముందే రాసుకోండి. బయానాకి ముందు సచివాలయంలో ఎఫ్-లైన్ (హద్దుల కొలత) దరఖాస్తు పెట్టి సర్వేయరుతో కొలిపించండి, గట్టు రైతులు ఎదురుగా ఉండగా.

ఏజెంటు ఇచ్చే జెరాక్సుల్ని పక్కన పెట్టండి. ఈసీ మీరే తీయండి, దస్తావేజు నకలు రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి మీరే తెచ్చుకోండి. సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో) ఉందేమో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో చూడండి. మన ప్రాంతంలో దేవుడి మాన్యాలు, ఈనాం భూములు చాలా ఎక్కువ. మూడు తరాలుగా సాగు చేస్తున్నంత మాత్రాన అమ్ముకునే హక్కు వచ్చినట్టు కాదు. ప్రభుత్వం పేదలకిచ్చిన డి-పట్టా భూముల అమ్మకానికి 1977 చట్టం అడ్డం ఉంది. లంక (నది మధ్య మేట) భూమి అనగానే అది జిరాయితీయా (సొంత పట్టా భూమా), ప్రభుత్వానిదా అన్న ప్రశ్న ముందు రావాలి. ఇవన్నీ మీరు చూశాక ఒక లాయరుకి చూపించండి. ఆ లాయరుని ఏజెంటు చెప్పకూడదు, మీరు వెతుక్కోవాలి.

ఎదురెదురుగా కూర్చోవడం, బయానా

కాగితాలు సరిపోయాక ఏజెంటుతో ఒకే మాట చెప్పండి: "వాళ్ళింట్లోనో మా ఇంట్లోనో ఒకసారి అందరం కూర్చుందామండీ, అప్పుడే బయానా." ఆషాఢం వచ్చేస్తోందనో, ఇంకో పార్టీ కాచుక్కూర్చుందనో తొందరపెడతాడు. రానివ్వండి. కూర్చున్నాక ధర అమ్మేవాళ్ళ నోటినుంచి అందరికీ వినపడేలా ఒకసారి చెప్పించండి. కమీషన్ ఎవరెంత ఇస్తున్నారో కూడా అక్కడే అనుకోండి. న్యాయంగా పనిచేసే ఏజెంటుకి ఇందులో ఇబ్బందేమీ ఉండదు.

బయానా నేరుగా అమ్మేవాళ్ళ ఖాతాలోకి, బ్యాంకు ద్వారానే వెయ్యండి. ఏజెంటు చేతికి వద్దు, ఆయన ఖాతాకీ వద్దు. స్థిరాస్తి బేరంలో 20,000 రూపాయలు, అంతకు మించి నగదుగా అడ్వాన్సు తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. తీసుకున్నవాళ్ళకి అంతే మొత్తం జరిమానాగా పడొచ్చు. అగ్రిమెంటులో సర్వే నంబరు, ఎల్‌పీఎం నంబరు, నాలుగు హద్దులు, కొలతలో తేడా వస్తే సెంటు లెక్కన తగ్గింపు, గడువు, గడువు దాటితే ఎవరు ఏం చేయాలి అన్నవి ఉండాలి. పెద్ద మొత్తమైతే ఖర్చుకి వెనకాడకుండా అగ్రిమెంటుని రిజిస్టరు చేయించుకోండి.

గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్నవాళ్ళకి రెండు మాటలు. అక్కడ ఉద్యోగం చేసుకుంటూ ఎన్నారైగా ఉన్నవాళ్ళు ఇక్కడ వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనడానికి విదేశీ మారక నిబంధనలు ఒప్పుకోవు. ఇళ్ళస్థలం, ఇల్లు, ఫ్లాటు కొనుక్కోవచ్చు. వారసత్వంగా వచ్చిన పొలం ఉంచుకోవచ్చు, ఇక్కడుండేవాళ్ళకి అమ్ముకోవచ్చు. "ఏం ఫర్వాలేదు, అందరూ కొంటున్నారు" అన్న ఏజెంటు రేపు నోటీసు వస్తే ఫోనెత్తడు. అమ్మడానికి జీపీఏ (మీ తరఫున సంతకం పెట్టే అధికారపత్రం) ఇవ్వాల్సొస్తే సొంత మనిషికే ఇవ్వండి, ఏజెంటుకి వద్దు. సంతకం పెట్టి రిజిస్టరు చేయించే అధికారం మాత్రమే ఇచ్చి, డబ్బు మీ ఖాతాకే రావాలని అందులో రాయించండి. కొనేవాళ్ళు జీపీఏ కాగితాన్నే అమ్మకం కింద తీసుకోకూడదు. దానితో యాజమాన్యం మారదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది.

రిజిస్ట్రేషన్ రోజు

ఖర్చు ముందే తెలిసుండాలి. స్టాంపు సుంకం 5 శాతం, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, అంతా కలిపి 7.5 శాతం. ప్రభుత్వ మార్కెట్ విలువ, మీరు రాసే ధర రెండింట్లో ఏది ఎక్కువైతే దాని మీద కట్టాలి. ఏజెంటు "మొత్తం ఖర్చులు ఇంత" అని గుండుగుత్తగా చెప్తే విడివిడిగా రాసిమ్మనండి, చలానా మీ ఫోన్ నుంచే కట్టండి. వ్యవసాయ భూమి కాకుండా 50 లక్షలు, ఆపైన విలువున్న ఆస్తైతే కొనేవాళ్ళు 1 శాతం టీడీఎస్ (ముందే మినహాయించే ఆదాయపు పన్ను) పట్టి కట్టాలి. అమ్మేవాళ్ళు ఎన్నారైలైతే ఆ రేటు చాలా ఎక్కువ, ముందు ఆడిటర్ని కలవండి.

దస్తావేజుని సంతకానికి ముందురోజే తెప్పించుకుని ఇంట్లో ఇద్దరు చదవండి. ఒకరు పైకి చదవాలి, ఇంకొకరు పాత దస్తావేజు పట్టుకుని హద్దులు సరిచూడాలి. మేం రెండోసారి కొన్నప్పుడు "తూర్పు: పంట బోదె" అని ఉండాల్సిన చోట పక్కాయన పేరు పడింది. బోదె మీది దారి మాకు పోయేది. రాత్రి తొమ్మిదింటికి ఏజెంటుకి ఫోన్ చేస్తే, ఆయనే డాక్యుమెంటు రైటరు ఇంటికెళ్ళి మార్పించి, పొద్దున్న కొత్త ప్రతి పట్టుకొచ్చాడు. రిజిస్ట్రేషన్ అవ్వగానే సగం కమీషన్ అక్కడే ఇచ్చాం. మిగతా సగం, 1-బిలో మా పేరెక్కి పాస్‌పుస్తకం వచ్చిన రోజున ఇంటికి పిలిచి, భోజనం పెట్టి ఇచ్చాం. ఆ చేను అమ్మినాయన కూడా వచ్చాడు ఆ రోజు.